చూసింది చూసినట్టు

‘మేము లాల్‌బాగ్‌కు వెళ్లాం. దారి పొడవునా బస్సులో అంత్యాక్షరి ఆడాం. గ్లాస్‌హౌస్ చాలా అందంగా ఉంది. అందరం బాగా ఎంజాయ్ చేశాం. ఈ అవకాశం ఇచ్చిన ప్రిన్సిపాల్ గారికి కృతజ్ఞతలు.’

బెంగళూరు బడుల్లో ఎక్స్‌కర్షన్ మర్నాడు క్లాస్ టీచర్ బల్ల మీదికి చేరే నివేదికలు చాలావరకు ఈ తీరుగానే ఉంటాయి. ఇందులో లాల్‌బాగ్ కొట్టేసి బన్నేరుఘట్ట అని పెట్టినా, గ్లాస్‌హౌస్ బదులు సీతాకోకచిలుకల పార్కు అని రాసినా నివేదిక చెక్కుచెదరదు. లోపం అక్కడే ఉంది. ఊరు మారినా మారని నివేదిక, వెళ్లకుండానే రాయగలిగిన నివేదిక.

నిజానికి లాల్‌బాగ్‌లో ఆ పిల్లలు ఎక్కి ఫొటోలు దిగిన బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. మన దేశ భూగర్భ సర్వేక్షణ సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బండ మీద కెంపేగౌడ గోపురం ఉంది. చుట్టూ ఉన్న తోటకు హైదర్ అలీ 1760లో అంకురార్పణ చేశాడు, గ్లాస్‌హౌస్‌కు 1889లో పునాది పడింది. ఈ సంవత్సరాలన్నీ బోర్డు మీద చూసి ఎక్కించుకున్నా అది నివేదిక కాదు, నకలే. ఏడో తరగతి అమ్మాయి ఒకతె మోకాళ్ల మీద కూర్చుని ఇలా రాసుకుందనుకుందాం: ‘బండ మీద నల్ల చారలు, తెల్ల చారలు పక్కపక్కనే సాగాయి. ఒకచోట తెల్ల చార నా బెత్తెడు వెడల్పుంది. పది అడుగులు నడిచేసరికి చిటికెనవేలంత అయింది. ఎందుకో టీచర్ని అడగాలి.’ నాలుగే వాక్యాలు. కానీ అక్కడికి వెళ్లిన మనిషి తప్ప ఇంకొకరు రాయలేనివి.

వ్యక్తిత్వ వికాసం అనగానే వేదిక మీద తడబడకుండా మాట్లాడటం, నిటారుగా నిలబడటం, చేయి కలపడం గుర్తొస్తాయి. అవీ కావలసినవే. వాటికంటే ముందు, చూసింది చూసినట్టు చెప్పి, చెప్పిన మాటకు కట్టుబడే అలవాటు ఒకటి ఉంది. పిల్లలకు దాన్ని నేర్పే పనుల్లో బడి నివేదికను మించింది లేదు. అందుకే దాన్ని మార్కుల కోసం అప్పగించే కాగితంగా చూస్తే బాధనిపిస్తుంది.

ఫిజిక్స్ ల్యాబు సంగతే తీసుకోండి. లఘులోలకం ప్రయోగంలో మీటరు పొడవు దారానికి గుండు కట్టి, 20 డోలనాలకు ఎంత సమయం పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూడాలి. ఒకడికి 40.4 సెకన్లు వచ్చాయి. లెక్క కడితే గురుత్వ త్వరణం సుమారు 9.68 వచ్చింది. పుస్తకంలో 9.81 అని ఉంది. పక్కవాడి రికార్డులోనూ 9.81 ఉంది. వీడు రబ్బరు తీసి 40.4ను చెరిపి 40.1 చేస్తాడు. జవాబు నుంచి వెనక్కి నడిచి రీడింగులు పుట్టించడం మన ల్యాబుల్లో ఎంత మామూలైపోయిందంటే, దాన్ని తప్పని పిల్లలకు చెప్పేవాళ్లే తక్కువ.

ఇందులో విచిత్రమేమిటంటే, బెంగళూరులో ఆ విలువ 9.81 కానే కాదు. ఊరు భూమధ్యరేఖకు 13 డిగ్రీల దూరంలో, సముద్రమట్టానికి 900 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ దాదాపు 9.78 ఉంటుంది. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌కు అంత చిన్న తేడా అందదు. 9.7 రావచ్చు, 9.9 రావచ్చు, రెండూ నిజాయతీ గల జవాబులే. ‘నాకు 9.68 వచ్చింది. వాచీ నొక్కడంలో ఆలస్యమైందేమో, దారం పొడవును గుండు మధ్య వరకు కొలవలేదేమో’ అని రాసిన పిల్లవాడికి ల్యాబులో పూర్తి మార్కులు పడాలి. రబ్బరు వాడినవాడికి పడకూడదు.

నివేదిక ఎలా ఉండాలో తెలుసుకోవడానికి ఈ ఊరికి దూరం పోనక్కర్లేదు. కస్తూర్బా రోడ్డు మీద సైన్స్ మ్యూజియానికి ఎవరి పేరు పెట్టారో ఆ మోక్షగుండం విశ్వేశ్వరయ్యనే చూడవచ్చు. ఆయన పూర్వీకుల ఊరు ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. పుట్టింది చిక్కబళ్లాపుర దగ్గరి ముద్దేనహళ్లిలో. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివాడు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచెత్తాక, నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించింది. 1909లో ఆయన ఇచ్చిన నివేదికలో శోకాలు లేవు, విశేషణాలు లేవు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడిందన్న లెక్క ఉంది. నది పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయన్న లెక్క ఉంది. వాన ఎంత, అది ఎక్కడ నిలవాలి, ఎందుకు నిలవలేదు, ఇకమీదట ఎక్కడ నిలపాలి అన్న వరసలో ఆలోచన నడిచింది. నగరానికి ఎగువన మూసీ మీద, ఈసీ నది మీద జలాశయాలు కట్టాలన్న సూచన ఆ వరస చివర వచ్చింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఏడో తరగతి పిల్లలకు ఇంత పెద్ద ఉదాహరణ దేనికనిపించవచ్చు. వరస మాత్రం ఒకటే. చూసింది ముందు, కొలిచింది తర్వాత, అనుకున్నది ఆ తర్వాత, చేయవలసింది చివర. పిల్లలు తప్పటడుగు వేసేది మూడో మెట్టు దగ్గర. కళ్లారా చూసింది, గైడు చెప్పింది, తాము ఊహించింది, మూడూ ఒకే వాక్యంలో కలిపేస్తారు. ‘చూశాను’, ‘చెప్పారు’, ‘అనుకుంటున్నాను’ అన్న మూడు మాటల్లో ఏదో ఒకటి ప్రతి వాక్యం చివర పెట్టి రాయమంటే, వారం తిరిగేసరికి రాతలో తేడా కనిపిస్తుంది.

పెద్ద ప్రయాణాలూ అక్కర్లేదు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ నడిపే సీజన్‌వాచ్ కార్యక్రమంలో బడి పిల్లలు ఒక చెట్టును ఎంచుకుని వారం వారం దాని ఆకులు, పూలు, కాయలు గమనిస్తారు. లేవు, కొన్ని ఉన్నాయి, చాలా ఉన్నాయి అని గుర్తు పెడతారు. బెంగళూరు వీధుల్లో కానుగ చెట్లకు కొదవ లేదు. ఈ వారం పూత లేకపోతే ‘లేవు’ అని రాయడమే సరైన నివేదిక. ఏమీ జరగని వారాన్ని కూడా రాసి పెట్టే ఓపిక పిల్లల్లో కుదిరితే అది జన్మంతా ఉంటుంది.

బెంగళూరు తెలుగు ఇళ్లలో పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, నోట్‌బుక్కులో ఇంగ్లీషు. చూసిన దానికి ఇంగ్లీషు మాట తట్టక ‘చాలా బాగుంది’తో సరిపెట్టేస్తారు. రాయడానికి కూర్చునే ముందు అమ్మకో తాతయ్యకో తెలుగులో చెప్పమనండి. ‘బండ ఏ రంగులో ఉందిరా?’, ‘ఎండకు కాలిందా?’ అని తాతయ్య అడిగే ప్రశ్నలకు జవాబులు చెబుతుంటే సగం నివేదిక తయారైపోతుంది.

ఇక టీచర్లు పిల్లల గురించి రాసే నివేదిక. రెండు సాయంత్రాల్లో 40 ప్రోగ్రెస్ కార్డులు నింపాల్సిన టీచరు కష్టం చిన్నది కాదు. అందుకే రిమార్క్స్ గడిలో ‘వెరీ గుడ్’, ‘కెన్ డూ బెటర్’, ‘కేర్‌లెస్’ తిరుగుతుంటాయి. లాల్‌బాగ్ నివేదికకున్న జబ్బే వీటికీ ఉంది. పిల్లవాడి పేరు మార్చినా రిమార్కు మారదు.

అదే గడిలో ఇలా రాయవచ్చు: ‘హారాలు ఒకటైతే భిన్నాలు తప్పు లేకుండా కూడుతున్నాడు. హారాలు వేరైతే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపి, అరకు మూడోవంతు కూడితే అయిదింట రెండు అంటున్నాడు. చపాతీ ముక్కలతో రెండుసార్లు చేయించాం, ఇంట్లోనూ చేయించండి.’ ఇది చదివిన తండ్రి ఆ రాత్రే ఏం చేయాలో తెలుసుకుంటాడు. ‘కేర్‌లెస్’ చదివిన తండ్రి కొడుకును తిట్టడం తప్ప చేయగలిగిందేముంది?

పరిశోధనలూ ఇదే దారి చూపాయి. 1988లో ఇజ్రాయెల్‌కు చెందిన రూత్ బట్లర్, కొందరు పిల్లలకు మార్కులు, కొందరికి వ్యాఖ్యలు, ఇంకొందరికి రెండూ ఇచ్చి చూశారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్ల విషయంలో వ్యాఖ్యకు ఫలం దక్కలేదు. 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అమెరికాలో చేసిన పరిశోధన మరీ ఆలోచింపజేస్తుంది. ‘నువ్వు తెలివైనదానివి’ అని పొగడ్త విన్న పిల్లల్ని, తమ మార్కులెన్నో వేరే బడి పిల్లలకు రాయమంటే, పదిమందిలో దాదాపు నలుగురు ఎక్కువ చేసి రాశారు. కష్టపడ్డారని మెచ్చుకున్న పిల్లల్లో ఆ అబద్ధం చాలా తక్కువ. అంటే టీచరు రాసే మాట తీరును బట్టి పిల్లలు రాసే మాటలో నిజం పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు.

ఇస్రో మాజీ ఛైర్మన్ కె. కస్తూరిరంగన్ నాయకత్వంలోని కమిటీ ముసాయిదా తయారుచేశాక వచ్చిన 2020 జాతీయ విద్యా విధానం, ప్రోగ్రెస్ కార్డును మార్చమంది. టీచరు మదింపుతో పాటు పిల్లల స్వీయ మదింపు, తోటివారి మదింపు ఉండాలంది. గడులు పెరిగితే చాలదు, వాటిలో నింపడానికి సరుకుండాలి. దానికి టీచరు చేతిలో ఒక చిన్న పుస్తకం కావాలి. రోజుకు ఇద్దరు పిల్లల గురించి ఒక్కో వాక్యం, తేదీతో. 40 మంది తరగతిలో నాలుగు వారాలకు ఒక చుట్టు పూర్తవుతుంది. టర్మ్ చివర ఒక్కొక్కరి గురించి మూడు నాలుగు నిజమైన సంగతులు చేతిలో ఉంటాయి. తల్లిదండ్రుల సమావేశానికి (పీటీఎం) వచ్చిన తల్లి ‘ర్యాంకు ఎంతండీ?’ అనే బదులు ‘ఈ టర్మ్‌లో మా అమ్మాయి సొంతంగా ఏం నేర్చుకుందండీ?’ అని అడిగితే, ఆ టీచరు పుస్తకం తెరిచి తేదీతో సహా జవాబు చెప్పగలుగుతుంది.