బట్టలు ఉతికిన నీటికి పొర వడపోత

ఓడల్లో బట్టలు ఉతికిన నీరు ‘గ్రే వాటర్’ కిందకొస్తుంది. ఓడల కాలుష్యాన్ని అరికట్టే మార్పోల్ ఒప్పందంలోని నాలుగో అనుబంధం (అమలు: 2003 సెప్టెంబరు 27) మరుగుదొడ్ల మురుగుకు వర్తిస్తుంది, గ్రే వాటర్‌కు కాదు. పరీక్షలో అభ్యర్థులు తడబడేది ఇక్కడే.

ఈ నీటిని వడపోసే అల్ట్రాఫిల్ట్రేషన్ పొర రంధ్రాలు సుమారు 0.01–0.1 మైక్రాన్లు. బట్టల పీచు, మురికి, బ్యాక్టీరియా ఆగిపోతాయి. కరిగిన లవణాలు దాటిపోతాయి. వాటికి రివర్స్ ఆస్మాసిస్ కావాలి. పీచు, జిడ్డు పేరుకుని రంధ్రాలు మూసుకుపోవడమే ‘ఫౌలింగ్’. అందుకే ముందుగా జల్లెడ పడతారు, మధ్యమధ్యలో నీటిని వెనక్కి తోసి పొరను కడుగుతారు.

వాడిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడటానికి చిక్కబళ్లాపురం జిల్లాలోని తొండేభావి, బాగేపల్లి, చింతామణి అభ్యర్థులు ఒక స్థానిక ఉదాహరణ గుర్తుంచుకోవాలి. బెంగళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని కేసీ వ్యాలీ పథకం (రోజుకు 440 మిలియన్ లీటర్లు, అంటే 440 ఎంఎల్‌డీ) కోలారు, చింతామణి చెరువులకూ, హెచ్ఎన్ వ్యాలీ (210 ఎంఎల్‌డీ) చిక్కబళ్లాపురం వైపు చెరువులకూ తరలించేలా రూపొందాయి. నిత్యం పారే నది లేని ఈ జిల్లాకు ఇది విలువైన నీరే. అయితే ఈ పథకాలు రెండో దశ శుద్ధితో మొదలయ్యాయి. మూడో దశ కూడా ఉండాలన్న స్థానికుల డిమాండు న్యాయమైనదే.