పాత మోటారు సైకిలు: అల్యూమినియము భాగములను శుభ్రపఱచు విధము

పొలము బాటలపై ఎరువు బస్తాలు మోయు పాత మోటారు సైకిలును చూడుడు. ఇంజను మూతలు, చక్రముల నడిమి డ్రమ్ములు మొదట తళతళలాడినవే. ఇప్పుడవి నల్లని మరకలతో, తెల్లని పొడితో నిండియున్నవి. దీనికి కారణమేమి?

అల్యూమినియము గాలి సోకినంతనే తనపై పలుచని పొర కట్టుకొనును. ఇనుప త్రుప్పు లోపలికి తినుచు పోవును. ఈ పొర యట్లుగాక లోహమును కాపాడును. కాని పొటాషు ఎరువులోని ఉప్పు తడితో గూడి నిలిచినచో పొర చెడి, లోహము గుంటలు పడును.

శుభ్రపఱచు క్రమమిది:

1. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప బురదను కడిగి, జిడ్డును సబ్బునీటితో పోగొట్టవలెను.

2. చిక్కని చింతపండు రసమును పూసి, పది నిమిషములుంచి, కొబ్బరి పీచుతో రుద్దవలెను. పులుపు తెల్లపొడిని కరిగించును. పిమ్మట మంచినీటితో బాగుగా కడుగవలెను.

3. తుడిచి ఆరబెట్టి, మూతలపై ఇంజను నూనెను పలుచగా రాయవలెను. బ్రేకులకు నూనె తగులరాదు.

ఇనుప బ్రష్షు గీతలు పెట్టును, వాడరాదు. కాస్టిక్ సోడా అసలే కూడదు. అది పొరనే గాక లోహమును సైతము కరిగించి, మండెడి హైడ్రోజను వాయువును పుట్టించును. నేనొకప్పుడు తొందరపడి ఒక మూతను రాత్రంతయు ఆ నీట నానవేసితిని. తెల్లవారునప్పటికి మరల గాడులు తినివేయబడి, మూత పనికిరాక పోయినది.

పడిన గుంటలు రుద్దినంత మాత్రమున పూడవు. కావున ఎరువు మోసిన నాటి సాయంకాలమే బండిని మంచినీట కడిగి తుడుచుట మేలు.