నోటు వెనక చెల్లు

నాన్న పెద్దకర్మ నాటి భోజనాల్లోనే సలహాలు మొదలయ్యాయి. పెరుగన్నం కలుపుకుంటూ మామయ్య నెమ్మదిగా అన్నాడు: "ఊరి బయట కొత్త వెంచర్ వేస్తున్నార్రా. ఇప్పుడు రెండొందల గజాలు పట్టుకుంటే రెండేళ్లలో రెట్టింపు. మీ నాన్న డబ్బు బ్యాంకులో మురగబెట్టకు." మామయ్యకి నా మేలు తప్ప మరో ఆలోచన లేదు. అందుకే కాదనడం కష్టం. సాయంత్రానికి మరో ఇద్దరొచ్చారు. ఒకాయనకి కూతురి పెళ్లికి చేబదులు కావాలి. మరొకాయన ఇన్సూరెన్స్ కాగితాలు చేత్తో పట్టుకునే వచ్చాడు. ముగ్గురికీ ఒకే మాట చెప్పాను: "ఆలోచించుకుని చెప్తాను." చెప్తుంటే గొంతు తడబడింది.

నాన్న వదిలి వెళ్లింది 12 లక్షలు. ఇలాంటి మొత్తానికే ప్రమాదం ఎక్కువని నాకనిపిస్తుంది. కోటి వస్తే ఆడిటర్ దగ్గరికి పరిగెడతాం. పన్నెండు లక్షలకి చుట్టాల సలహా చాలనుకుంటాం. పైగా అది దుఃఖంలో ఉన్నప్పుడు చేతికొచ్చే డబ్బు. ఆ రోజుల్లో ఎవరు కాస్త ఆప్యాయంగా మాట్లాడినా వాళ్లు చూపించిన చోట సంతకం పెట్టాలనిపిస్తుంది.

నెల తర్వాత నాన్న ఇనప్పెట్టె తెరిచాను. పాస్‌బుక్కుల కింద, రబ్బరు బ్యాండు చుట్టిన పొడుగాటి నోటుబుక్కు ఉంది. ప్రతి ఖర్చూ, ప్రతి జమా నీలం సిరాతో రాసుకున్నారు. దాని అట్టలోపల నాలుగు మడతలు పెట్టిన ప్రామిసరీ నోటు. అరవై వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ. రెవెన్యూ స్టాంపు మీద సంతకం సగం చెరిగిపోయింది. వెనక్కి తిప్పితే వడ్డీ ముట్టినట్టు రెండు చెల్లులు ఉన్నాయి. రెండోది వేసి ఐదేళ్లయింది. చెల్లు వేసిన మూడేళ్లలోపు దావా వేయకపోతే నోటుకి కాలదోషం పడుతుందని నాన్నకి తెలియనిది కాదు. పల్లెల్లో వడ్డీ లెక్క చేసే ప్రతివాడికీ అది తెలుసు. అమ్మని అడిగితే ఒక్క ముక్కలో చెప్పింది: "అడగడానికి మీ నాన్నకి మొహమాటం."

ఆ కాగితం నన్ను చాలా రోజులు వదల్లేదు. నా బ్యాంకు పాస్‌బుక్కు తీసి చూస్తే నేను పోగొట్టుకున్నవన్నీ ఆ కోవలోవే. స్నేహితుడి కోసం కట్టి మధ్యలో ఆపేసిన పాలసీ. ఆఫీసులో అందరూ వేస్తున్నారని వేసిన చీటీ. డబ్బు గురించి నాకు తక్కువ తెలిసి నష్టపోలేదు, తెలిసీ కాదనలేక నష్టపోయాను. అందుకే వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో ఆత్మవిశ్వాసం గురించి ఎన్ని పేజీలున్నా, మన ఇళ్లలో ముందుగా దిద్దుకోవాల్సింది మొహమాటాన్నే అంటాను.

మొదటి పరీక్ష ఇంట్లోనే వచ్చింది. ఎఫ్‌డీలకి నామినీ అమ్మ. "ఇంకేం, అంతా అమ్మ పేరున, తర్వాత నీకు. చెల్లెలికి పెళ్లప్పుడే పెట్టారు కదా" అన్నారు ఒక పెద్దాయన. చెల్లెలు కూడా తలవంచుకుని, "నాకొద్దులే అన్నయ్యా" అంది. అదీ మొహమాటమే. నామినీ అంటే డబ్బు అందుకునే మనిషేగానీ హక్కుదారు కాదు. వీలునామా లేకుండా తండ్రి పోతే, ఆయన స్వార్జితంలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటా అని 1956 హిందూ వారసత్వ చట్టమే చెబుతోంది. మా నానమ్మ బతికుంటే ఆమెకీ ఒక వాటా వచ్చేది. ముగ్గురం తలా నాలుగు లక్షలు పంచుకున్నాం. చెల్లెలు ఆ రాత్రి ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది.

ఎవరి వాటా వాళ్ల ఖాతాలో ఆరు నెలల ఎఫ్‌డీ వేయించాం. ఒక మనిషికి ఒక బ్యాంకులో ఐదు లక్షల దాకా డిపాజిట్‌కి బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. ఆగితే పన్ను పడుతుందని భయపెట్టిన వాళ్లూ ఉన్నారు. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీని 1985లోనే ఎత్తేశారు. వారసత్వంగా వచ్చిన డబ్బుకి పన్ను లేదు, దాని మీద వచ్చే వడ్డీకే లెక్క చూపాలి. ఆ ఆరు నెలల్లో మామయ్య వెంచర్ గురించి రెండుసార్లు అడిగాడు. మూడోసారి నేనే ఆయన్ని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లి లేఅవుట్ అనుమతి చూపించమన్నాను. కాగితం ఇంకా రాలేదన్నారు. తిరిగి వస్తూ దారిలో టీ తాగాం. ఆయన కోప్పడలేదు. నేను అన్నాళ్లూ భయపడింది జరగనే లేదు.

గడువు తీరాక నా వాటాలో మొదట క్రెడిట్ కార్డు బాకీ డెబ్బై వేలు తీర్చేశాను. నెలకి మూడున్నర శాతం దాకా లాగే బాకీ ఉండగా, ఏడాదికి ఏడు శాతం వడ్డీకి డబ్బు దాచడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. రెండు లక్షలు ఆరు నెలల ఇంటిఖర్చుగా ఎఫ్‌డీలోనే ఉంచాను. మిగిలింది నెలకి పదివేల చొప్పున ఇండెక్స్ ఫండ్‌లోకి వెళ్తోంది. 2008 జనవరిలో 21 వేలు తాకిన సెన్సెక్స్ అదే అక్టోబరులో 8,500కి పడింది, మళ్లీ ఆ ఎత్తు చూడటానికి 2010 నవంబరు దాకా పట్టింది. అందుకే పదేళ్ల దాకా అవసరం రాదనుకున్న డబ్బునే అందులో పెట్టాను.

కాదనలేక డబ్బు పెట్టేయడానికి ఎదురు తప్పు చేసిన వాళ్లనీ చూశాను. నాన్న గుర్తు అంటూ సేవింగ్స్ ఖాతాలో ఏళ్ల తరబడి ముట్టుకోకుండా ఉంచేస్తారు. ధరలు ఏటా ఆరు శాతం పెరిగితే పన్నెండేళ్లకి అసలు విలువ సగమవుతుంది, సేవింగ్స్ వడ్డీ ఆ లోటుని పూర్తిగా పూడ్చదు. గుర్తుగా దాచుకోవడానికి నాన్న కళ్లజోడు ఉంది.

అమ్మ వాటా మొత్తం పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేశాం. అప్పుడు వడ్డీ 8.2 శాతం, అంటే మూడు నెలలకి 8,200 రూపాయలు. అమ్మ ఎప్పుడూ సొంతంగా డబ్బు తీసుకున్న మనిషి కాదు. జులైలో నేను వెంట వస్తానంటే వద్దంది. ఒక్కతే ఆటోలో వెళ్లి, పాస్‌బుక్కులో ఎంట్రీ వేయించుకుని వచ్చింది. ఆ సాయంత్రం నాన్న నోటుబుక్కు అడిగి తీసుకుంది. కళ్లజోడు సర్దుకుని, నాన్న ఆపిన చోట ఒక గీత గీసి, దాని కింద తారీఖు వేసింది. తర్వాత ఒక్కో అంకే కూడబలుక్కుంటూ రాసింది: జమ, 8,200.