గబ్బిలము, డయాటము: ఒక పోలిక

జీవశాస్త్రమున పోలికలు సాధారణముగా దగ్గరి బంధువుల నడుమ చేయుదురు. మేము మిక్కిలి దూరపు ప్రాణులను రెండింటిని ప్రక్కప్రక్కన నిలుపదలచితిమి. ఒకటి కృష్ణా డెల్టాలో మర్రి, చింత చెట్లకు తలక్రిందులుగా వ్రేలాడు పెద్ద గబ్బిలము. శాస్త్రజ్ఞులు దీనిని టెరోపస్ మీడియస్ అందురు. రెండవది నిట్జ్షియా పేలియా అను మంచినీటి డయాటము.

మొదటిది క్షీరదము, రెక్కలు చాచినప్పుడు రమారమి 1.2 మీటర్ల వెడల్పుండును. రెండవది ఏకకణ శైవలము. పొడవు రమారమి 30 మైక్రాన్లు. అనగా ఆ రెక్కల వెడల్పులో 40,000 డయాటములను వరుసగా పేర్చవచ్చును.

గబ్బిలము చూపు, వాసనల సాయమున పండ్లను వెదకి, రసమును మ్రింగి పిప్పిని ఉమిసివేయును. మర్రి, రావి విత్తనములు దానివలన దూరమునకు చేరును. డయాటము సూర్యరశ్మితో తన ఆహారమును తానే తయారుచేసికొని, నీటిలోనికి ప్రాణవాయువును విడుచును. దాని సిలికా కవచము భరిణయు మూతయువలె రెండు భాగములుగా అమరియుండును.

గబ్బిలము సాధారణముగా ఏడాదికి ఒక్క పిల్లనే కనును. డయాటము అనుకూల పరిస్థితులలో ఒక్క దినములోనే రెండుగా చీలును. ఆ లెక్కన వారములో నూరు రెట్లు దాటును. చెదరిన గబ్బిలముల గుంపు కోలుకొనుటకు మాత్రము ఏండ్లు పట్టును.

మనకు పాఠము ఈ భేదముననే యున్నది. నిట్జ్షియా పేలియా మురుగును సహించును. కాలుష్యము వలన సున్నితమైన ఇతర డయాటములు తగ్గగా ఇది ప్రబలును. విజయవాడ నడుమ పారు బందరు, ఏలూరు, రైవస్ కాలువల పాచిలో ఇది అధికమైనచో నీటి అనారోగ్యమునకు గుర్తు. ఊరి మర్రిపై గబ్బిలములు తరిగినచో చెట్లకు వచ్చిన ఆపదకు గుర్తు. ఒకటి పెరిగియు, ఒకటి తరిగియు మనకు హెచ్చరికనే తెచ్చుచున్నవి. 1941లో వెలువడిన ‘గబ్బిలం’ కావ్యమున జాషువ మహాకవి ఈ ప్రాణినే సందేశవాహకముగా ఎన్నుకొనుట ఇచ్చట స్మరణీయము.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఫలాహార గబ్బిలములను ఎలుకలతోపాటు హానికర జంతువుల పట్టికలో చేర్చినది. 2022 సవరణతో ఆ పట్టిక తొలగినది. అపశకునమను మాట మాత్రము జనుల నోట ఇంకను తొలగలేదు. పాచి యనిన ఏవగింపును అట్టిదే.

కళాశాల కార్యవర్గమునకు మా విన్నపమొకటి. ఏటా ఒకే మాసమున విద్యార్థులు సంధ్యవేళ దూరమున నిలిచి, చెట్టు విడుచు గబ్బిలములను లెక్కింపవలెను; కాలువ రాతిపై పాచిని సూక్ష్మదర్శినిలో పరీక్షింపవలెను. రెండింటిని ఒకే పుస్తకమున వ్రాసియుంచినచో, పదేండ్లకు అది ఈ ప్రాంతపు ఆరోగ్యమును తెలుపు దినచర్య కాగలదు.