‘మైల’ మాట పుట్టుపూర్వోత్తరాలు

కొన్ని మాటలు చూడటానికి చిన్నవే గాని, వాటి వెంట నాలుగడుగులు వేస్తే సమాజమంతా కళ్ళముందుకొస్తుంది. ‘మైల’ అలాంటి మాట. ఉన్నవి రెండే అక్షరాలు. బట్టకు అంటుతుంది, ఇంటికి అంటుతుంది, చివరికి మనిషికీ అంటుతుంది. ఇది ఎక్కడ పుట్టింది, బట్ట మీదినుంచి మనిషి మీదికి ఎలా పాకింది అన్నదే ఈ వ్యాస విషయం.

ముందు పుట్టుక సంగతి. సంస్కృతంలో మలమంటే మురికి. మలినం దానినుంచి వచ్చింది. ప్రాకృతంలో ఇదే అర్థంలో ‘మఇల’ అనే రూపం ఉంది. హిందీ ‘మైలా’, మన ‘మైల’ ఆ కోవలోవే. అలాగని మురికిని చెప్పడానికి మనకు సొంత మాట లేదా అంటే, ఉంది. ‘మాయు’ అనే క్రియ దేశ్యం. మాసిన బట్ట, మాపు అనేవి దాని సంతానమే.

పోలిక చూసి మోసపోకూడని మాటలు రెండున్నాయి. మైలురాయిలోని మైలు ఇంగ్లీషువారిది. మైలుతుత్తంలోని మైలు నెమలి! తమిళంలో నెమలిని ‘మయిల్’ అంటారు. సంస్కృతంలోనూ దీనికి ‘మయూరతుత్థం’ అనే పేరుంది. కాపర్ సల్ఫేట్ నీలిరంగు నెమలి మెడను తలపిస్తుంది కదా! కెమిస్ట్రీ మిత్రులు దాన్ని మురికి తుత్తం అనుకోనక్కరలేదు.

వస్తువులకు పట్టే మాలిన్యం విషయంలో తెలుగు చాలా నిక్కచ్చి. ఇనుముకు పట్టేది తుప్పు. రాగికీ ఇత్తడికీ పట్టేది చిలుము, లేదా కిలుము. కన్నడంలో ఇది ‘కిలుబు’. కన్నడ ‘కివి’ మనకు చెవి, ‘కెరె’ మనకు చెరువు అయినట్టే, ఇక్కడా ‘క’ ‘చ’ అయింది. చిలుము పట్టిందని చెంబును ఎవరూ తిట్టరు. చింతపండు పెట్టి తోముతారు. అందులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, చెంబు తళతళలాడుతుంది. అంతటితో సరి.

మైల కథ ఇంత తేలిగ్గా ముగియదు. దాని ఎదురు మాట ‘మడి’. కన్నడంలో మడి అంటే శుభ్రత, ఉతికిన బట్ట. మన ‘అడుగులకు మడుగులొత్తడం’లోని మడుగు నీటిగుంట కాదు, ఉతికిన బట్టే. అంటే మైల, మడి రెండూ మొదట చాకిరేవు మాటలన్నమాట. మరి ఇప్పుడో? ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కాను ఎవరైనా తాకితే మైలపడిందంటారు. నెలల తరబడి నీళ్ళు తగలని పట్టుబట్ట మాత్రం మడి! అర్థం మురికిని వదిలేసి తాకిడిని పట్టుకుంది. ‘అంటు’, ‘ముట్టు’ అనే మాటలకు కూడా మూలార్థం తాకడమే కదా.

ఇక్కడే అన్యాయం ఉంది. బట్టను మడి చేసేవాడు కాబట్టి కన్నడంలో చాకలి ‘మడివాళ’ అయ్యాడు. చౌడు మట్టి పెట్టి, ఉబ్బకు వేసి, బండకేసి బాది మన మైల వదిలించే చేతులవి. మా ఊళ్ళో ఆ చేతులే బట్టలు తెచ్చి అరుగు మీద పెడితే, పెద్దవాళ్ళు నీళ్ళు చల్లి గాని లోపలికి తీసుకునేవారు కాదు. మురికి చేసినవాడు మడి, ఉతికినవాడు మైల! 12వ శతాబ్దంలో బసవేశ్వరుని కాలపు శివభక్తుల్లో మడివాళ మాచయ్య ప్రముఖుడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో ఆయన కథను చేర్చాడు. అంత పాత గౌరవం మన గుమ్మాలదాకా రాకపోవడం విచిత్రమే.

పురిటి మైల, చావు మైల, నెలసరి మైల — వీటిలో మురికి ఎక్కడుంది? బిడ్డను కన్న తల్లి, అయినవాణ్ణి పోగొట్టుకున్న ఇల్లు, శరీరధర్మం పాటించిన ఆడపిల్ల. ముగ్గురూ సేద తీరవలసినవాళ్ళే. బాలెంతకు విశ్రాంతి మేలే. ఆ విశ్రాంతికి మైల అని పేరు పెట్టడమే చిక్కు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం ఆచారాన్ని నిషేధించగలదు గాని, నాలుక మీది మాట అర్థాన్ని మార్చలేదు. ఆ పని మాట్లాడేవాళ్ళది, అంటే మనది.

మైల అనే మాటను నిఘంటువులోంచి కొట్టేయమని నేననను. దాన్ని పుట్టింటికి, అంటే బట్ట దగ్గరికి, తిరిగి పంపితే చాలు. అక్కడ అది నిజం చెబుతుంది. చిలుము తోమితే పోతుంది, మాపు ఉతికితే పోతుంది. మనిషికి అంటగట్టిన మైల మాత్రం ఎంత కడిగినా పోదు, ఎందుకంటే కడగడానికి అక్కడ మురికే లేదు. ఇంట్లో, హాస్టల్లో, క్లాసులో ఎవరైనా ఎవరినైనా మైల అన్నప్పుడు, మురికి ఎక్కడుందో చూపించమని అడుగుదాం.