చేతులు ‘అకింబో’ అయితే...

ప్రశ్న: ఇంగ్లిష్ నవలల్లో ‘ఆర్మ్స్ అకింబో’ అని కనిపిస్తుంది. అంటే ఏమిటి? ఎక్కడి మాట?

జవాబు: చేతులు రెండూ నడుం మీద ఆనించి, మోచేతులు బయటికి పొడుచుకొచ్చేలా నిలబడటం. పండరిపురంలో ఇటుక మీద నిలిచిన విఠలుణ్ణి తలచుకోండి, సరిగ్గా అదే భంగిమ. ‘అకింబో’ అనే ఈ విశేషణం మామూలుగా నామవాచకం వెనకే వస్తుంది.

ఈ మాట సుమారు 1400 నాటి ‘టేల్ ఆఫ్ బెరిన్’ అనే కథాకావ్యంలో ‘ఇన్ కెనెబో’ రూపంలో దొరుకుతుంది. ‘బో’ అంటే వంపు అని చాలామంది ఒప్పుకుంటారు. పేచీ అంతా ముందు ముక్క దగ్గరే. పదును అనే అర్థంలోని ‘కీన్’ అని కొందరంటారు. వంకరను సూచించే ఐస్‌లాండ్ మాటతో చుట్టరికం కలిపేవారు కొందరు. కూజా పిడి అన్న వాదనా ఉంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ రుజువు పలుచన.

ఇప్పుడు కాళ్లు ఎడంగా చాపినా ‘లెగ్స్ అకింబో’ అనేస్తున్నారు. వీడియోగేముల్లోనైతే రెండు చేతులా తుపాకులు పట్టుకోవడం!