జమిలి జీర్ణవ్యాధులు – చైనా మూలికలకు పరీక్ష

జీర్ణకోశ వ్యాధులలో ఒక వింత తెగ ఉన్నది. రోగి పడే బాధ నిజం. కాని ఎండోస్కోపీ చేసినా, రక్తం పరీక్షించినా పుండు గాని, గడ్డ గాని కనబడదు. నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోవడం, పై కడుపులో నొప్పి లేక మంట ఉంటే దానిని ఫంక్షనల్ డిస్పెప్సియా అంటారు. కడుపునొప్పి మలవిసర్జనతో ముడిపడి, విరేచనాలో మలబద్ధకమో వేధిస్తే అది ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. మొదటిది జీర్ణాశయానిది, రెండవది పేగులది అని పాఠ్యగ్రంథాలు గీత గీసినవి. రోగి శరీరం ఆ గీతను పాటించదు. చాలామందిలో ఈ రెండూ, వీటికి తోడు ఛాతీలో మంట, పుల్లని త్రేన్పులు కూడ కలిసి ఉంటవి. వీటినే మేము ఇక్కడ జమిలి వ్యాధులని పిలుస్తున్నాము.

ఇది అల్పవిషయం కాదు. 33 దేశాలలో జరిగిన ఒక సర్వే ఫలితాలు 2021లో వెలువడినవి. ఇంటర్నెట్ ద్వారా ప్రశ్నించిన చోట నూటికి 40 మందికి, ఇంటికి వెళ్ళి ముఖాముఖిగా అడిగిన చోట నూటికి సుమారు 21 మందికి ఈ తెగకు చెందిన ఏదో ఒక వ్యాధి ఉన్నట్లు తేలినది. (ఎదుట కూర్చున్న మనిషితో మలవిసర్జన ముచ్చట చెప్పుకొనడానికి కలిగే సంకోచం కూడ ఈ తేడాకు ఒక కారణమై ఉండవచ్చునని మా ఊహ.) ప్రాణం తీయని ఈ జబ్బు పరీక్ష హాలులో స్థిమితంగా కూర్చోనీయదు, దూరప్రయాణం చేయనీయదు, పెళ్ళివిందులో పదిమందితో కలిసి తిననీయదు. డాక్టర్ల చుట్టూ తిరిగి విసిగినవారు మూలికలవైపు చూడడం సహజం. చైనాలో అటువంటి వారికి ఇచ్చే మూలికలు నిజముగా పనిచేయునా, పనిచేసినట్లు తోచునా అన్నదే ప్రశ్న.

చైనా సంప్రదాయ వైద్యుడు జీర్ణాశయానికీ పేగులకూ మధ్య ఆ గీతను గీయడు. నాడి పట్టి, నాలుక చూచి, "కాలేయం స్తంభించినది, ప్లీహం బలహీనమైనది" అంటాడు. ఆ కాలేయమూ ప్లీహమూ మన జంతుశాస్త్ర ప్రయోగశాలలో కనబడే అవయవాలు కావు. కొన్ని లక్షణాల సమూహాలకు పెట్టిన పేర్లు. ఆ ఒక్క పేరు క్రిందనే పై కడుపు ఉబ్బరమూ వస్తుంది, క్రింది విరేచనమూ వస్తుంది. కావున వేరు వేరు రోగాలకు ఒకే చికిత్స ఉండవచ్చును, ఒకే రోగమున్న ఇద్దరికి వేరు వేరు మందులూ ఉండవచ్చును. యునానీ హకీము మిజాజ్‌ను బట్టి నుస్ఖా మార్చడం చూచిన మన విద్యార్థులకు ఈ పద్ధతి అపరిచితం కాదు. ఆ మందు కూడ ఒక్క మూలిక కాదు. టోంగ్ షియె యావ్ ఫాంగ్ అనే పాత యోగంలో నాలుగు ద్రవ్యాలున్నవి: బైజు దుంప, తెల్ల పియొనీ వేరు, ఎండిన కమలాతొక్క, ఫాంగ్‌ఫెంగ్ వేరు. ఇది చిన్న యోగం. ఇరవై ద్రవ్యాలు గలవీ ఉన్నవి.

మందును పరీక్షించవలెనన్న ఆలోచన కొత్తది కాదు. 1061 నాటి చైనా మూలికా గ్రంథంలో సూ సోంగ్ జిన్‌సెంగ్ వేరుకు ఒక పరీక్ష చెప్పినాడు: ఇద్దరిని కలిపి పరుగెత్తించవలెను, ఒకరి నోట వేరు ఉండవలెను, రెండవవానికి ఉండరాదు, ఎవరు రొప్పుదురో చూడవలెను. అంతకు కొద్దికాలం ముందే ఇబ్నె సీనా తన అల్ ఖానూన్ రెండవ భాగంలో ఔషధ పరీక్షకు ఏడు నియమాలు వ్రాసినాడు. వాటిలో ఒకటి ఈ వ్యాసానికి ప్రాణం: మందును ఒకే రోగమున్నవానిపై పరీక్షించవలెను గాని, రోగాలు కలిసి ఉన్నవానిపై కాదు. కలిసి ఉన్నప్పుడు మందు దేనిపై పనిచేసినదో తెలియదు. మనముందున్న చిక్కు సరిగా ఇదే. రోగమూ సంకీర్ణం, మందూ సంకీర్ణం.

దీనికి మరొక చిక్కు తోడైనది. ఈ రోగాలలో ఉత్తుత్తి మందు, అనగా ప్లాసిబో, ఆశ్చర్యకరంగా పనిచేస్తుంది. 2010లో బోస్టన్ పరిశోధకులు 80 మంది ఇరిటబుల్ బవెల్ రోగులలో కొందరికి "ఇందులో మందు లేదు" అని చెప్పి మరీ మాత్రలు ఇచ్చినారు. మూడు వారాలలో వారు ఏ మాత్రా తీసుకొననివారికంటె మెరుగైనారు. కావున "మా బంధువుకు తగ్గినది" అన్న సాక్ష్యం ఇక్కడ నిలువదు.

ఈ చిక్కులను ఎదుర్కొన్న పరీక్షలలో మాకు మిక్కిలి నచ్చినది సిడ్నీలో జరిగి 1998లో ప్రకటితమైనది. ఇరిటబుల్ బవెల్ రోగులు 116 మంది. అందరినీ చైనా వైద్యులు చూచి ఎవరికి తగిన మందు వారికి వ్రాసినారు. కాని చేతికి ఏది వచ్చునో చీటీ తీసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయమైనది: కొందరికి తమకై వ్రాసిన మందు, కొందరికి అందరికీ ఒకటే అయిన ఇరవై మూలికల మందు, మిగిలినవారికి అదే రుచీ వాసనా గల ప్లాసిబో. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, ఫలితం చూచే డాక్టరుకూ తెలియదు. 16 వారాల తరువాత మెరుగైనామన్నవారు ఒకే మందు వర్గంలో నూటికి 76, స్వంత మందు వర్గంలో 64, ప్లాసిబో వర్గంలో 33. వ్యక్తిని బట్టి ఇచ్చే మందే గొప్పదన్న వాదానికి ఇది దెబ్బ అనిపించును. అయితే మందు ఆపిన 14 వారాలకు మళ్ళీ చూడగా, మెరుగుదల నిలిచి ఉన్నది స్వంత మందు తిన్నవారిలోనే! పదహారవ వారంలోనే లెక్క ముగించి ఉంటే ఈ సంగతి తెలిసేదే కాదు.

2006లో ప్రకటితమైన హాంగ్‌కాంగ్ పరీక్ష వేరొక మాట చెప్పినది. విరేచనాలు ప్రధానంగా గల 119 మందికి 8 వారాలు పదకొండు మూలికల సారమో ప్లాసిబోయో ఇచ్చినారు. మెరుగైనవారు మూలికలతో నూటికి 35, ప్లాసిబోతో 44. చెప్పుకోదగ్గ తేడా లేదనే తేల్చినారు. ఒక చైనా యోగం నెగ్గినంత మాత్రాన చైనా వైద్యమంతా నెగ్గినట్లు కాదు, ఓడినా అంతే.

ఈ రెండూ పేగుల వ్యాధి పేరున జరిగిన పరీక్షలు. ఇబ్నె సీనా నియమాన్ని అక్షరాలా పాటించి జమిలి రోగులను పక్కకు నెట్టితే పరీక్ష శుభ్రంగా ఉండును గాని, ఆస్పత్రి వరండాలో కూర్చున్న అసలు రోగికి దాని ఫలితం వర్తించదు. మా అభిప్రాయంలో వారిని చేర్చుకొనవలసినదే. కాని పై కడుపు బాధనూ క్రింది బాధనూ వేరు వేరుగా కొలవవలెను. ఏ కొలతను బట్టి గెలుపు నిర్ణయింతురో మందు పంచకముందే వ్రాసి పెట్టవలెను. ఒకదానిలో ఓడి మరొకదానిలో నెగ్గినప్పుడు నెగ్గినదానినే చాటుకొనే అవకాశం ఇయ్యరాదు. నియమంలోని అక్షరం తప్పినా, మందు దేనిపై పనిచేసినదో తెలియవలెనన్న దాని ఉద్దేశం ఇట్లు నెరవేరును.

ఇంకొక సంగతి. మూలిక గదా, హాని ఏమున్నదనే మాట మన ఇండ్లలోనూ వినవస్తుంది. బ్రస్సెల్స్ నగరంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు చెడినవని 1993లో వెల్లడైనది. తరువాత అట్టివారి సంఖ్య నూరు దాటినది. ఫాంగ్‌జీ అనే పేరు రెండు వేరు వేరు మొక్కలకు ఉండడంవలన, స్టెఫానియా వేరుకు బదులు విషపూరితమైన అరిస్టొలోకియా వేరు చేరినది. 2017లో చైనా యోగాల పరీక్షలను ఎట్లు నివేదించవలెనో అంతర్జాతీయ నిబంధనలు వెలువడినవి. ప్రతి మూలికకు చైనా పేరుతోబాటు లాటిన్ శాస్త్రనామం, మోతాదు, శుద్ధిచేసిన విధం, ఎక్కడినుండి తెచ్చినారో, ఎట్లు గుర్తించినారో వ్రాయవలెనని అవి చెప్పుచున్నవి. ఇటువంటి పరిశోధనా పత్రం చేతికి వచ్చిన విద్యార్థి ఫలితాల పట్టికకంటె ముందు ఆ పుటనే తిరగవేయవలెనని మేము తరగతిలో చెప్పుచుంటిమి.